అరవై ఏళ్ళు దాటిన బీవర్ విమానం ఎక్కొచ్చా?

మీ ప్రశ్న ఇది: కెనడాలో, అలాస్కాలో 60, 70 ఏళ్ళ కిందట తయారైన, నీళ్ళ మీద కూడా దిగగలిగే బీవర్ అనే చిన్న విమానాలు ఇప్పటికీ మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయట, ఒక చిన్న విమానం అంతకాలం ఎలా బతుకుతుంది, ధైర్యంగా ఎక్కొచ్చా అని. నేను విమానాల మనిషిని కాను. తిరుపతిలో రైలు పెట్టెలు రిపేరు చేసే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కెనడాలో వాంకూవర్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు బీవర్ ఎక్కాను. ఎక్కేముందు అరగంట దాని చుట్టూ తిరిగి చూశాను.

ముందు రైలు పెట్టె సంగతి చెప్తాను, దాంతో సగం అర్థమవుతుంది. చెన్నై కోచ్ ఫ్యాక్టరీలో తయారైన పాత నీలం రంగు పెట్టె, అంటే ఐసీఎఫ్ పెట్టె, 18 నెలలకోసారి పూర్తి ఓవర్‌హాలింగ్‌కి వస్తుంది. మేం పీఓహెచ్ అంటాం. పెట్టెను పైకెత్తి బోగీలు విడదీస్తాం. బయట జనం పెట్టెనే బోగీ అంటారు గానీ, మాకు బోగీ అంటే కింద చక్రాలుండే ఫ్రేము. తిరిగి వెళ్ళేటప్పుడు దాని కిందికి పాత బోగీలే రావాలని లేదు. టాయిలెట్ల కింద, డోర్ల దగ్గర నీళ్ళు కారి కారి రేకు తినేసి ఉంటుంది. సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి చోట ఖంగుమంటుంది, తుప్పు పట్టిన చోట బొదబొదమంటుంది. అంతమేర కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తాం. పెట్టె నంబరు మాత్రం అదే.

బీవర్ దగ్గర నా కళ్ళు వెతికింది కూడా అదే. రెక్క కింద పాత రివెట్ల వరుసలో ఒకచోట అరచెయ్యంత కొత్త రేకు, దాని చుట్టూ తలలు మెరుస్తున్న కొత్త రివెట్లు. మా ఆవిడ అది చూసి "అతుకులేసిన విమానమా?" అని భయపడింది. నాకు మాత్రం అక్కడే ధైర్యం వచ్చింది. ఎవరో ఆ చోట చూశారు, బాగోలేదని కోసేశారు, సరిచేశారు. అతుకు కనబడని పాత బండి అంటేనే నాకు టెన్షన్.

విమానం వయసును క్యాలెండరు ఒక్కటే చెప్పదు, ఎగిరిన గంటలు కూడా చెప్తాయి. ప్రతి గంటా లాగ్‌బుక్‌లోకి ఎక్కుతుంది. ఇంజిను ఇన్ని గంటలు తిరిగాక విప్పి కొత్తదాన్లా కట్టాలి, రెక్కను పట్టుకునే స్ట్రట్లను ఇన్నాళ్ళకోసారి పరీక్షించాలి. ఉప్పునీళ్ళలో దిగే విమానానికి ఈ పని ఇంకా ఎక్కువ, అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది.

మొట్టమొదటి బీవర్ సంగతే చూడండి. దాని రిజిస్ట్రేషన్ సీఎఫ్-ఎఫ్‌హెచ్‌బీ. టొరంటో దగ్గర డౌన్స్‌వ్యూలో రస్ బానక్ అనే పైలట్ దాన్ని 1947 ఆగస్టు 16న మొదటిసారి ఎగరేశాడు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడన్నమాట. మొదటి విమానం కదా అని దాచిపెట్టలేదు. మరుసటి ఏడాదే బ్రిటిష్ కొలంబియాలో ఒక చిన్న సంస్థకు అమ్మేశారు. చేతులు మారుతూ 1980 దాకా అడవుల్లో, సరస్సుల్లో పనిచేసింది. ఇప్పుడు ఒట్టావాలో విమానాల మ్యూజియంలో ఉంది. పరీక్ష కోసం కట్టిన మొట్టమొదటి విమానం మూడు దశాబ్దాలకు పైగా కూలిపని చేసి రిటైర్ కావడం నాకు మామూలు విషయంలా అనిపించదు.

అంత మన్నికకు కారణం నాకు విమానం లోపల కనబడింది. నేను పైలట్ పక్క సీట్లో కూర్చున్నాను. నా ఎడమ కాలి దగ్గర ఒక మూత ఉంది. ఏంటని అడిగితే ఇంజిన్ ఆయిల్ పోసే మూత అన్నాడా పైలట్. గాల్లో ఉండగానే లోపల కూర్చుని ఆయిల్ పోయొచ్చట! పెట్రోలు మూతలు కూడా పైలట్ డోరు పక్కనే కింద ఉన్నాయి, మంచులో డబ్బా పట్టుకుని రెక్క మీదికి ఎక్కే పని లేదు. డోర్లు పీపా దొర్లించేంత వెడల్పు. డిజైన్ గీసేముందే అడవుల్లో విమానాలు నడిపే పైలట్లను మీకేం కావాలని అడిగి కట్టారు కాబట్టే ఇలా ఉంది. ముందున్నది 9 సిలిండర్ల, 450 హార్స్‌పవర్ ఇంజిను. చెయ్యి అందే చోట ఉన్న పార్టును మనిషి రోజూ చూస్తాడు. చెయ్యి దూరనిచోట ఉన్నదాన్ని రేపు చూద్దాంలే అనుకుంటాడు. వర్క్‌షాపులో నా అనుభవమంతా ఇదే.

ఇంజినే పూర్తిగా మార్చినా విమానం పాతదే. 2019 డిసెంబరు 10న వాంకూవర్ పక్కన రిచ్‌మండ్‌లో 62 ఏళ్ళ బీవర్ ఒకటి పెట్రోలు ఇంజిను తీసేసి 750 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటారుతో ఎగిరింది. 2022 ఆగస్టులో అదే విమానం 72 కిలోమీటర్లు వెళ్ళింది.

అలాగని పాతదంతా మంచిదే అనను. బీవర్‌కు పెద్దన్న లాంటి ఆటర్ విమానం 2022 సెప్టెంబరు 4న అమెరికాలో విడ్బీ దీవి దగ్గర సముద్రంలో కూలి 10 మంది చనిపోయారు. తోకలో ట్రిమ్, అంటే విమానం ముక్కు ఎత్తు నిలకడగా ఉంచే అమరిక, దాన్ని సరిచేసే భాగం మరలు ఊడి విడిపోయిందని, దాన్ని పట్టి ఉంచాల్సిన లాక్ రింగ్ లేదని దర్యాప్తులో తేలింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాకు మొదటి రోజే నేర్పింది బ్రేక్ రాడ్లు ఊడకుండా పట్టే చీలిక మేకును, అంటే స్ప్లిట్ పిన్‌ను, కంటితో చూసి వదిలేయొద్దు, చేత్తో తాకి చూడమని. పది ప్రాణాలు అలాంటి చిన్న రింగు మీద ఆధారపడ్డాయి.

కాబట్టి ఎక్కండి, కానీ తయారైన ఏడాదిని కాదు, నడిపే వాళ్ళను చూడండి. గాలి ఎక్కువగా ఉంటే ట్రిప్పు రద్దు చేస్తారా, అడిగితే విసుక్కోకుండా చెప్తారా గమనించండి. వీలైతే తొలి ట్రిప్పుకు ముందు, తెల్లవారే వెళ్ళండి. నేను వెళ్ళేసరికి ఆ పైలట్ ఫ్లోట్ మీద, అంటే విమానాన్ని నీళ్ళలో తేల్చే, లోపల గదులుగా విడదీసిన పడవలాంటి భాగం మీద, మోకాళ్ళు ఆన్చి ఉన్నాడు. ఒక్కో గది పైనున్న రబ్బరు బంతి బిరడా లాగడం, చేతిపంపు పెట్టి లోపలి నీళ్ళు తోడడం, తోడుతూ పైకే లెక్కపెట్టడం. ఒక గదికి మిగతా వాటికంటే నాలుగు పంపులు ఎక్కువ పడ్డాయి. ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుని, తర్వాతి బిరడా దగ్గరికి జరిగాడు.