గేమ్ ఐడియాను పబ్లిషర్ ముందు పెట్టేదెలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక వీడియో గేమ్ కోసం 60 పేజీల కథ రాసుకున్నాను. కోడింగ్ రాదు. కంపెనీలకు పంపితే కొంటారా? ఐడియా కాజేస్తారేమోనని భయంగా కూడా ఉంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉత్త ఐడియాను కొనే పబ్లిషర్లు, అంటే గేమ్‌కు డబ్బు పెట్టి మార్కెట్‌లోకి తెచ్చే కంపెనీలు, దాదాపు లేరు. వాళ్లు డబ్బు పెట్టేది గేమ్‌ను పూర్తి చేయగల టీమ్ మీద. ముందు ఒక ప్రోగ్రామర్‌ను, ఒక ఆర్టిస్టును వెతుక్కోండి. వాళ్లు దొరికేలోగా గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ ఇంజిన్ ఉచితంగా వస్తుంది, దాని మీద చేయి తిప్పుకోండి. అయిదు, పది నిమిషాలు ఆడించే ప్రోటోటైప్, అంటే నమూనా గేమ్, చాలు. బొమ్మల బదులు రంగు డబ్బాలున్నా ఫర్వాలేదు. ఆటగాడు పదే పదే చేసే పని, అంటే దూకడమో, దాక్కోవడమో, బేరమాడటమో, అందులోనే మజా ఉండాలి. అది లేకపోతే ఎంత మంచి కథైనా గేమ్‌ను నిలబెట్టదు.

పిచ్ డెక్, అంటే పబ్లిషర్‌కు మీ గేమ్‌ను పరిచయం చేసే స్లైడ్లు, 12 దాటనివ్వకండి. మొదటి దాంట్లో గేమ్ పేరు, ఒక్క వాక్యంలో ఆట, పీసీకా మొబైల్‌కా అన్నది. రెండో స్లైడ్‌లోనే ఆట నడుస్తూ కనిపించాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కథలోని రాజ్యాల చరిత్రకే నాలుగు స్లైడ్లు ఖర్చు పెట్టేసి, ఆటగాడు ఏం చేస్తాడో చెప్పరు. ఆ తర్వాతి స్లైడ్లలో మీ ఆటను పోలిన గేమ్‌లు, టీమ్, గడువులు, బడ్జెట్.

బడ్జెట్ తక్కువ చూపిస్తే త్వరగా ఒప్పుకుంటారనుకోకండి. ముగ్గురు మనుషులు, 14 నెలలు, తలా నెలకు 50,000 రూపాయలు అనుకుంటే జీతాలకే 21 లక్షలు. సంగీతం, టెస్టింగ్, అనువాదం వేరు. మొత్తం మీద ఆలస్యాలకు మరో 15 శాతం కలపండి. ఇవేవీ లేని లెక్క చూస్తే, డబ్బు సగంలోనే అయిపోతుందని పబ్లిషర్‌కు అర్థమైపోతుంది.

పంపే ముందు బిల్డ్‌ను, అంటే ఆడటానికి సిద్ధంగా ఉన్న గేమ్ ఫైల్‌ను, మీది కాని కంప్యూటర్‌లో నడిపి చూడండి. దాని డౌన్‌లోడ్ లింకు పర్మిషన్ అడగకుండా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే చాలామంది పబ్లిషర్లు మళ్లీ అడగరు, తర్వాతి మెయిల్‌కు వెళ్లిపోతారు.

ఇక దొంగతనం సంగతి. కాపీరైట్ ఐడియాకు ఉండదని ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరు రాసిన స్క్రిప్టుకు, గీసిన బొమ్మలకు, కోడ్‌కు ఉంటుంది. మొదటి మెయిల్‌లోనే ఎన్‌డీఏ (విషయం బయటపెట్టబోమనే ఒప్పందం) మీద సంతకం అడిగితే చాలామంది పక్కన పెట్టేస్తారు. జాగ్రత్త నిజంగా కావలసింది ఒప్పందం దగ్గర: గేమ్ హక్కులు ఎవరి పేరున ఉంటాయి, పబ్లిషర్ తన ఖర్చంతా రాబట్టుకున్నాకే మీ వాటా మొదలవుతుందా, మధ్యలో వాళ్లు తప్పుకుంటే హక్కులు మీకు తిరిగొస్తాయా? ఈ మూడూ రాతలో లేకుండా సంతకం పెట్టకండి.