టెక్ సందేహాలు: పెద్ద ఇంజెక్టర్లు వేస్తే పికప్ పెరుగుతుందా?

ప్రశ్న: నాది 2006 మోడల్ 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, 150 హార్స్‌పవర్. ఇంజిన్‌లో ఏ మార్పూ చేయించలేదు. జేసీ రోడ్డులో ఒక షాపులో వేరే టర్బో కారు నుంచి తీసిన ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) దొరికాయి. ఒక్కోటి నిమిషానికి 380 సీసీ పెట్రోలు పోస్తుందంటున్నారు, నా బండిలోవి 315. మా మెకానిక్ ‘బిగించేద్దాం సార్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అదే సర్దుకుంటుంది’ అంటున్నాడు. వేయించమంటారా?
(ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు)

జవాబు: వద్దండి. బండి ఇప్పుడున్న స్థితిలో వాటి అవసరమే లేదు.

ముందు లెక్క చూద్దాం. టర్బో పెట్రోల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు పావు కిలో పెట్రోలు తాగుతుంది. ఇంజెక్టర్‌ను 85 శాతం సమయానికి మించి తెరిచి ఉంచకూడదనుకున్నా, మీ 315 సీసీవి నాలుగూ కలిసి దాదాపు 185 హార్స్‌పవర్‌కు సరిపడా పోయగలవు. మీ ఇంజిన్ ఇచ్చేది 150. అంటే పెట్రోలుకు కొరత లేదు. పికప్ పెరగాలంటే లోపలికి వెళ్లే గాలి పెరగాలి. అది టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి (బూస్ట్) చేసే పని, ఇంజెక్టర్‌ది కాదు.

ఇక ‘సర్దుకుంటుంది’ అన్న మాట. ఈసీయూ పెట్రోలును సీసీల్లో కొలవదు. ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో మాత్రమే చెబుతుంది. వంటింట్లో చెంచా మార్చి, ‘రెండు చెంచాలు’ అన్న కొలత మార్చకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే. ప్రతిసారీ 20 శాతం ఎక్కువ పడుతుంది. నిదానంగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ దీన్ని పసిగడుతుంది, ఈసీయూ ఆ మేరకు తగ్గిస్తుంది. చాలా బండ్లలో ఈ దిద్దుబాటుకు హద్దు 25 శాతం అటూఇటూ. కాబట్టి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బండి బాగానే నడుస్తుంది, మీకూ నమ్మకం కుదురుతుంది. కానీ ఫుల్ త్రాటిల్ ఇచ్చినప్పుడు ఆ కాలపు ఈసీయూలు చాలావరకు సెన్సర్‌ను పక్కనబెట్టి తమలో ముందే రాసి ఉన్న పట్టికలోని (మ్యాప్) లెక్కనే ఎక్కువగా నమ్ముకుంటాయి. అక్కడే తేడా బయటపడుతుంది. మితిమీరిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. పీయూసీ పరీక్షలోనూ ఇబ్బందే.

ఐడిల్‌లో ఇంకో చిక్కు ఉంది. కరెంటు అందిన వెంటనే ఇంజెక్టర్ తెరుచుకోదు, కొంత ఆలస్యం అవుతుంది. బ్యాటరీ వోల్టేజీ తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. ఐడిల్‌లో తెరిచి ఉంచేదే రెండు మూడు మిల్లీసెకన్లు కాబట్టి ఈ చిన్న ఆలస్యమే అక్కడ పెద్ద వాటా. ఇది ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. ఆ విలువ ఈసీయూలో మార్చకపోతే, ఏసీ, హెడ్‌లైట్లు వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణుకుతుంది.

రేపు పెద్ద టర్బో వేయించి 200 హార్స్‌పవర్ దాటాలనుకుంటే మాత్రం 380 సీసీ తగిన సైజే, దాదాపు 220 హార్స్‌పవర్ దాకా వస్తుంది. అప్పుడు పెద్ద ఇంజెక్టర్ వేయకపోవడమే ప్రమాదం. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఒక సైకిల్‌కు (రెండు చుట్లకు) ఉండేది 20 మిల్లీసెకన్లే. ఇంజెక్టర్ అంతసేపూ తెరిచి ఉన్నా పెట్రోలు చాలకపోతే మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి, నాకింగ్ (అదుపు తప్పి మండటం) మొదలై పిస్టన్ కరిగిపోవచ్చు. అందుకే ఈసీయూలోని లెక్కలను తిరగరాసే (రీమ్యాప్) ట్యూనర్‌ను ముందు మాట్లాడుకుని, ఆయన చెప్పినవే కొనండి.

కొనేముందు మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. మీ పాతవి 12 నుంచి 16 ఓమ్‌లు చూపించి, ఇవి 2, 3 ఓమ్‌లే చూపిస్తే షాపులోనే వదిలేయండి. నేరుగా తగిలిస్తే ఈసీయూలో ఇంజెక్టర్లకు కరెంటు ఇచ్చే సర్క్యూట్ కాలిపోవచ్చు. పొడవు, కనెక్టర్, స్ప్రే దిశ కూడా కలవాలి. నాలుగింటినీ టెస్ట్ బెంచ్ మీద ఒకే ప్రెషర్ దగ్గర కొలిపించండి. షాపువాళ్లు చెప్పిన 380 ఏ ప్రెషర్ దగ్గరిదో అడగండి. 3 బార్‌కు బదులు 4 బార్ దగ్గర కొలిస్తే అదే ఇంజెక్టర్ 15 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఓ-రింగులు (పెట్రోలు కారకుండా ఆపే రబ్బరు రింగులు) మాత్రం తప్పనిసరిగా కొత్తవే వేయించండి. వేడెక్కిన టర్బో పక్కన ఒక్క ఓ-రింగు కారినా బండి మంటల్లో చిక్కుకునే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయంలో దయచేసి ఖర్చు చూడకండి.

ప్రశ్న: డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో కార్లలోనూ ఇలా మార్చుకోవచ్చా?
(ఒక పాఠకురాలు, బనశంకరి)

జవాబు: అది ఇంకా కష్టం. వాటిలో పెట్రోలు వంద బార్‌కు పైగా ప్రెషర్‌తో నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది. హై-ప్రెషర్ పంపుకూ ఒక హద్దు ఉంటుంది. ఆ ఇంజిన్‌కే తయారుచేసినవి తప్ప వేరే కారువి ముట్టుకోకండి.