ఆర్గానోఫాస్ఫరస్ పదార్థాలన్నీ విషాలేనా?

కాదు, ఆర్గానోఫాస్ఫరస్ (ఫాస్ఫరస్ ఉన్న కార్బన్ రసాయనాలు) అనగానే పురుగుమందే గుర్తొస్తుంది గానీ, ఆ కుటుంబంలో నరాలను దెబ్బతీసేవి కొన్నే.

తేడా ఫాస్ఫరస్‌లో లేదు, దానికి అతుక్కున్న పరమాణువుల గుంపుల్లో ఉంది. నరాల చివర ఎసిటైల్‌కొలిన్ అనే సంకేత రసాయనం విడుదలవుతుంది. పని అయిపోగానే ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఫాస్ఫరస్‌కు తేలిగ్గా ఊడిపోయే గుంపు ఉంటే, అది ఊడి, మిగిలిన భాగం ఆ ఎంజైమ్‌కు గట్టిగా అంటుకుంటుంది. ఇక సంకేతం ఆగదు. చొంగ, చెమట, సూదిమొనంత అయిపోయిన కంటిపాప, అదిరే కండరాలు, చివరికి ఊపిరి అందకపోవడం.

మలాథియాన్ అనే పురుగుమందు చూడండి. అందులో ఫాస్ఫరస్‌కు సల్ఫర్ ద్విబంధంతో అతుక్కుని ఉంటుంది, కాబట్టి నేరుగా పెద్దగా పనిచేయదు. ఒంట్లోకి వెళ్లాక సల్ఫర్ స్థానంలో ఆక్సిజన్ చేరి మలాక్సాన్‌గా మారితేనే అసలు దెబ్బ. క్షీరదాల్లో కార్బాక్సిలెస్టరేజ్ ఎంజైమ్‌లు దాన్ని త్వరగా విరిచేస్తాయి; పురుగుల్లో ఆ శక్తి తక్కువ. అలాగని మనకేం కాదనుకోవద్దు, మోతాదు మించితే మనిషికీ ప్రాణాంతకమే.

చాలామంది పొరబడేది కలుపుమందు గ్లైఫోసేట్ దగ్గర. అదీ ఆర్గానోఫాస్ఫరసే, కానీ ఈ ఎంజైమ్ జోలికి పోదు. మొక్కల్లో కొన్ని అమైనో ఆమ్లాల తయారీని ఆపుతుంది. అందుకే నరాలను దెబ్బతీసే పురుగుమందులకు విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ దీనికి విరుగుడు కాదు. ఎముకలు గుల్లబారితే ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం, ప్లాస్టిక్ త్వరగా అంటుకోకుండా కలిపే ట్రైఫినైల్ ఫాస్ఫేట్ కూడా ఈ కుటుంబంలోవే.