620 రూపాయల హామీ

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఇద్దరు సహాయకులతో గ్రూప్స్, కానిస్టేబుల్ అభ్యర్థులకు ఆన్‌లైన్ మాదిరి పరీక్షలు నిర్వహిస్తున్నాను. ఇదే నా జీవనాధారం. గత నెల ఒక ఆదివారం ఉదయం 10 గంటలకు గ్రాండ్ టెస్ట్ పెట్టాను. 1,900 మంది ఒక్కొక్కరు 149 రూపాయలు కట్టారు. సరిగ్గా మొదలయ్యే వేళకు క్లౌడ్ కంపెనీ (ఇంటర్నెట్ ద్వారా సర్వర్లు అద్దెకిచ్చే సంస్థ) డేటాబేసు ఆగిపోయి, మధ్యాహ్నం 12.40కి గానీ తిరిగి రాలేదు. అందరికీ డబ్బు వాపసు చేశాను. అదే నెల, ఎప్పుడూ 11 వేలు దాటని బిల్లు 94 వేలు వచ్చింది. ప్రయోగం కోసం తెరిచిన పెద్ద సర్వరును మా కుర్రాడు ఆపడం మరిచిపోయాడు. 99.9 శాతం సమయం సేవ అందుతుందని హామీ ఇచ్చిన కంపెనీ నుంచి నా నష్టం రాబట్టవచ్చా? ఆ బిల్లు కట్టక తప్పదా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు హామీ సంగతి. 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాల దాకా సేవ ఆగినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. మీకు ఆగింది 160 నిమిషాలు. అంటే ఆ నెల అందుబాటు 99.63 శాతం. మాట తప్పారు, సందేహం లేదు. అయితే మీరు పంపిన ఒప్పందంలో ఒక మెలిక ఉంది. రెండు డేటా కేంద్రాల్లో నకలు ఉంచుకున్న డేటాబేసుకే 99.9. ఒకే చోట నడిచేదానికి 99.5 మాత్రమే, అంటే నెలకు 216 నిమిషాలు. మీది ఒకే చోట నడిచేదై ఉంటే ఆ 160 నిమిషాలు కంపెనీకి మాఫీ అయిపోయేవి. మీ బిల్లులో డేటాబేసు వరుస చూశాను. రెండు కేంద్రాలకూ డబ్బు కట్టారు కాబట్టి బతికిపోయారు.

ఇక మాట తప్పినందుకు ఏమిస్తారు? ఆ ఒక్క సేవకు ఆ నెల కట్టిన రుసుములో 10 శాతం, అదీ నగదుగా కాదు, వచ్చే బిల్లులో తగ్గింపుగా. డేటాబేసుకు మీరు కట్టింది 6,200. చేతికి వచ్చేది 620 రూపాయలు. విద్యార్థులకు మీరు తిరిగి ఇచ్చింది 2,83,100. హామీ అనగానే నష్టం మొత్తం భరిస్తారని మనం అనుకుంటాం. వాళ్లు రాసుకున్నది, సేవ ఆగిపోతే ఇంతే ఇస్తామని ముందే నిర్ణయించుకున్న ధర. ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టినప్పుడు ఆ ధరకు మీరు ఒప్పుకున్నారు. కంప్యూటర్ మీద కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం సెక్షన్ 10ఎ చెబుతుంది.

మరి అసలు నష్టం? 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం ఉల్లంఘన వల్ల సహజంగా కలిగే నష్టం, లేదా ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే వస్తుంది. దీని వెనుక 1854 నాటి ఇంగ్లండు తీర్పు ఒకటి ఉంది. గ్లౌస్టర్‌లో ఒక పిండిమర ఇరుసు విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా దాన్ని చేరవేయాల్సిన రవాణాదారు ఆలస్యం చేశాడు. మర ఆగిన రోజుల లాభం ఇప్పించమని యజమాని అడిగితే, ఆ ఇరుసు లేకపోతే మరే ఆగిపోతుందని రవాణాదారుకు తెలియదు కదా అంది కోర్టు. మీ ఆదివారం పరీక్ష సంగతీ ఆ కంపెనీకి తెలియదు. తెలిసినా, పరోక్ష నష్టాలకు బాధ్యత లేదని ఒప్పందంలో విడిగా రాసుకున్నారు.

అంత ఏకపక్షమైన షరతు చెల్లుతుందా అని అడగవచ్చు. అది మీరు ‘వినియోగదారు’ అవునా కాదా అన్నదాని మీద ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారానికి తీసుకున్న సేవలను పక్కన పెట్టింది. స్వయం ఉపాధితో బతకడానికే తీసుకుంటే మాత్రం రక్షణ ఉందని వాదించవచ్చు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆటో కొని తానే నడుపుకునే మనిషిని ఉదాహరణగా చెప్పి, ఒకరిద్దరు సహాయకులు ఉన్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోడని అంది. ఇద్దరు సహాయకులతో మీరు సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డారు. మూడో మనిషిని పెట్టుకునే ముందు ఆలోచించండి, సగం సరదాకే అంటున్నాను. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. కంపెనీ ఏ నగరం కోర్టు పేరు రాసుకున్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కానీ షరతే అన్యాయమని కొట్టివేయించాలంటే జిల్లా కమిషన్‌కు అధికారం లేదు, హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సివిల్ దావాకు మూడేళ్లు ఉన్నా, ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ నిబంధన (కోర్టుకు బదులు మధ్యవర్తి తీర్పుకే వెళ్లాలన్న షరతు) అడ్డు వస్తుంది. మీ స్థానంలో నేనుంటే 2,83,100 కోసం కోర్టు మెట్లెక్కను.

620 మాత్రం వదలకండి. అడగకపోతే అదీ రాదు, మీ ఒప్పందంలో గడువు రెండు బిల్లింగు నెలలే. ఉల్లంఘన జరిగిందని కంపెనీ చేతే రాతపూర్వకంగా ఒప్పించుకున్నట్టు కూడా అవుతుంది. ఒక్క జాగ్రత్త: వాళ్ల రికార్డులు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో ఉంటాయి, మన గడియారానికి ఐదున్నర గంటలు వెనుక. మీ 10 నుంచి 12.40 వాళ్ల లెక్కలో 4.30 నుంచి 7.10. ఈ తేడా చూసుకోక ‘ఆ సమయంలో అంతరాయమే లేదు’ అన్న జవాబు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. లాగ్‌లు, అంటే ఏ క్షణాన ఏం జరిగిందో కంప్యూటర్ నమోదు చేసిన రికార్డులు, ఇప్పుడే దించి పెట్టుకోండి. రేపు కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి.

94 వేల బిల్లు వేరే సంగతి. మీ ఖాతాలో తెరిచినదానికి మీదే బాధ్యత అని స్పష్టంగా ఉంది. ఆ నెల పదో తేదీన ‘మీ ఖర్చు పరిమితి దాటింది’ అని వచ్చిన మెయిలు కూడా మీరే జతచేశారు. అది హెచ్చరికే, ఖర్చును ఆపే తాళం కాదు. చాలామంది దాన్ని తాళం అనుకుని నిద్రపోతారు. చట్టప్రకారం వాదించడానికి ఇక్కడ ఏమీ లేదు, అడగడానికి మాత్రం ఉంది. సర్వరు ఎలా మిగిలిపోయిందో, ఇప్పుడు ఏ కట్టుదిట్టం చేశారో రాసి, ఒక్కసారికి మినహాయింపు కోరండి. అంతరాయం గొడవను ఆ లేఖలో కలపకండి. జవాబు వచ్చేలోగా మామూలు 11 వేలు కట్టేయండి, అంతకంటే ముందు ప్రశ్నల బ్యాంకు మొత్తం నకలు బయటికి తీసుకోండి. బకాయి పడితే ఖాతా ఆపి, కొన్నాళ్లకు సమాచారం చెరిపేసే హక్కు వాళ్లకు ఉంది. మీ కుర్రాడు కాక బయటివాడెవడో మీ ఖాతా పాస్‌వర్డు లాంటి రహస్య కీ దొంగిలించి సర్వరు తెరిచినట్టు తేలితే మాత్రం వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

మీ వెబ్‌సైటు కూడా తెరిచి చూశాను. మొదటి పేజీలోనే ‘ఒక్క నిమిషం కూడా ఆగని పరీక్షలు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ 1,900 మందికి కంపెనీ మీరే, వాళ్లు నిస్సందేహంగా వినియోగదారులు, పైగా మీరు 10 శాతం షరతు కూడా రాసుకోలేదు. ఆ వాక్యం ఈరోజే తీసేయండి.