షిప్ ఆగే ఒక్క రోజులో అమ్మానాన్నలతో రోమ్ చూసి రావచ్చా?

గుంటూరు నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: జూన్‌లో మధ్యధరా క్రూజ్, షిప్ చివితావెక్యాలో ఉదయం 7కి ఆగి సాయంత్రం 7కి బయల్దేరుతుంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అందరూ శాకాహారులు. రైల్లో సొంతంగా వెళ్లాలా, షిప్ వాళ్ల టూర్ తీసుకోవాలా?

సొంతంగా వెళ్లి రావచ్చండీ. అయితే షిప్ ఆగేది రోమ్‌లో కాదు. రేవు నుంచి రోమ్ సుమారు 75 కిలోమీటర్లు, మనకు బెజవాడ నుంచి బందరు ఎంతో దాదాపు అంత. 12 గంటలని కనిపిస్తున్నా రోమ్‌లో మీ చేతికొచ్చేది ఆరున్నర గంటలే.

అందుకే లెక్క సాయంత్రం నుంచి వెనక్కి వేసుకోండి. 7కి కదిలే షిప్‌లోకి 6కో, 6:30కో అందరూ ఎక్కేసి ఉండాలి. కచ్చితమైన సమయం ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో ఉంటుంది. రోమ్‌లో 4:15 ప్రాంతపు తిరుగు బండికి సిద్ధంగా ఉంటే, అది తప్పినా తర్వాతిది అందుకోవచ్చు. టూర్ బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. టూర్‌కి ఎక్కువ డబ్బు పెట్టేది ఈ భరోసా కోసమే. నాన్నగారు మధ్యమధ్య కూర్చుంటూ మొత్తం మూడు కిలోమీటర్లు నడవగలిగితే రైలు చాలు. నడవలేకపోతే టూరే తీసుకోండి, మొహమాటం వద్దు.

షిప్ దిగగానే ఉచిత షటిల్ బస్సు లార్గో దెల్లా పాచే అనే చోటికి తెస్తుంది. అక్కడి నుంచి స్టేషన్‌కి ఇంకో బస్సు, దానికి టికెట్ కొనాలి. నడిస్తే 20-25 నిమిషాలు, కానీ ఆ ఓపిక రోమ్ కోసం దాచుకోండి. రోమ్‌కి ప్రాంతీయ రైలు టికెట్ మనిషికి సుమారు 5 యూరోలు. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషిన్‌లో ముద్ర వేయించాలి, ఫోన్ టికెట్ అయితే యాప్‌లో చెక్-ఇన్ నొక్కాలి. ఇది మరిస్తే జరిమానా. అదే ప్లాట్‌ఫాం మీదికి ఇంటర్‌సిటీ అనే దూరప్రయాణపు రైలు కూడా వస్తుంది, ఈ టికెట్ దానికి చెల్లదు.

చాలామంది ముందుగా వచ్చే సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగి వాటికన్‌తో మొదలుపెడతారు. నేనైతే తిరగేసి చేయమంటాను: దూరంగా ఉన్నది పొద్దున్నే చూసి, షిప్ వైపు జరుగుతూ రండి. ఓస్తియెన్సేలో దిగితే పక్కనే పిరామిదే మెట్రో, అక్కడి నుంచి బి లైన్‌లో రెండో స్టేషన్ కొలోసియో, కొలోసియం అనే పురాతన రోమన్ క్రీడా ప్రాంగణం దగ్గర. రోమ్ పెద్ద స్టేషన్ తెర్మినీ దాకా పోవద్దు. అక్కడ చివితావెక్యా బండ్ల ప్లాట్‌ఫాంలు స్టేషన్‌కి ఓ చివర ఉంటాయి, నడకే పది నిమిషాలు. మెట్రోకి కార్డు ఆనిస్తే చాలు. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, ట్యాప్ చెల్లింపు రెండూ ఆన్ చేసుకోండి.

లోపలికి వెళ్లి చూసేది ఒక్కటే పెట్టుకోండి. నా ఓటు కొలోసియంకి, 10:30 స్లాట్. అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు టికెట్లు పెడతారు, తొందరగా అయిపోతాయి. టికెట్ మీద పేర్లుంటాయి కాబట్టి గుర్తింపు అడుగుతారు. పాస్‌పోర్టులు షిప్ వాళ్ల దగ్గరుంటే ముందురోజే రిసెప్షన్‌లో అడిగి తీసుకోండి. పై అంతస్తుకి లిఫ్ట్ ఉంది, మెట్లు ఎక్కలేనని సిబ్బందికి చెప్తే చూపిస్తారు. అదే టికెట్‌తో ఫోరమ్ అనే పాత రోమ్ శిథిలాల్లోకీ వెళ్లొచ్చు గానీ లోపలి రాళ్లు ఎగుడుదిగుడు, మోకాళ్లకు మంచిది కాదు. పక్కనున్న పెద్ద రోడ్డు మీంచే చాలావరకు కనిపిస్తుంది.

అక్కడి నుంచి త్రేవీ ఫౌంటెన్‌కి టాక్సీ. తెల్ల కార్లు, స్టాండ్‌లో ఎక్కాలి, మీటర్ మీదే. త్రేవీ నుంచి పాంథియన్ అనే పురాతన రోమన్ గుడికి పది నిమిషాల నడక. టికెట్ 5 యూరోలు, అరగంటలో చూసేయొచ్చు కాబట్టి దీన్ని నేను లెక్కలో కలపలేదు. గోపురం వ్యాసం 43 మీటర్లు, పైన నడిమధ్య కన్నులాంటి గుండ్రటి రంధ్రం, వాన పడితే లోపలికే పడుతుంది. ఇది క్రీ.శ. 2వ శతాబ్దపు కట్టడం. ఆ కాలంలోనే మన అమరావతి స్తూపానికి పలకలు చెక్కారు, నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అమ్మానాన్నలకు ఈ సంగతి అక్కడే నిలబెట్టి చెప్పండి, ఆ గోపురం పరాయిది అనిపించదు.

మళ్లీ టాక్సీలో వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌకుకి 3 గంటల కల్లా చేరండి. చర్చిలోకి ప్రవేశం ఉచితమే, తనిఖీ క్యూ మాత్రం దసరాల్లో దుర్గమ్మ దర్శనాన్ని గుర్తుచేస్తుంది. క్యూ చిన్నదైతేనే నిలబడండి, లేకపోతే చౌకులో నీడ చూసుకుని కూర్చోండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీరకు, చుడీదార్‌కు ఇబ్బంది లేదు, నిక్కర్లతో రానివ్వరు. సిస్టీన్ చాపెల్ వాటికన్ మ్యూజియంలో భాగం, దానికే మూడు గంటలు పోతుంది, ఈసారికి వదిలేయండి.

సాన్ పియెత్రో స్టేషన్ అక్కడికి పావుగంట నడక. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: వితెర్బో, చెజానో వైపు బండ్లు కూడా ఇక్కడ ఆగుతాయి, అవి వేరే దారి. బోర్డు మీద చివితావెక్యా గానీ, గ్రోసెత్తో, పీసా గానీ ఉండాలి.

తారీఖు ఖాయమయ్యాక ఆ రోజు రైల్వే సమ్మె ఉందేమో చూడండి. ఇటలీలో సమ్మెలు ముందే ప్రకటిస్తారు. పని దినాల్లో పొద్దున 6-9, సాయంత్రం 6-9 మధ్య కొన్ని బండ్లు తప్పనిసరిగా నడుపుతారు. అంటే పొద్దున వెళ్లగలరు గానీ 4:15కి తిరుగు బండి దొరక్కపోవచ్చు. సమ్మె ఉంటే టూరే.

తిండికి ఇబ్బంది లేదు. ముక్కలు కోసి తూకానికి అమ్మే పిజ్జా కొట్లు వీధికొకటి ఉంటాయి, మార్గెరీటాలో మాంసం ఉండదు. సుప్లీ అనే అన్నపు ఉండల్లో మాత్రం మాంసం కలుపుతారు, అడిగి తీసుకోండి. వీధుల్లో ఎప్పుడూ పారే ఇనుప కుళాయిల నీళ్లు తాగొచ్చు, సీసా ఒకటి వెంట పెట్టుకోండి. దారంతా నల్లరాతి దిమ్మెలు, కాబట్టి నాన్నగారికి చెప్పులు వద్దు, మెత్తటి అట్ట ఉన్న బూట్లు వేయించండి.