సోలార్ పెట్టాక కూడా క్యాంపస్ కార్బన్ లెక్క ఎందుకు పెరిగిందని అడిగారా?

తేడా సోలార్‌లో లేదు, మీ బేస్ ఇయర్‌లో ఉంది. పోల్చడానికి పెట్టుకున్న ఆ మొదటి ఏడాదికి కరెంటు బిల్లులే లెక్కేసి, ఈ ఏడాది డీజిల్, మెస్ గ్యాస్ కూడా కలిపానని రాశారు కదా. అలా చేస్తే ప్యానెళ్లు ఎన్ని పెట్టినా లెక్క పెరిగినట్టే కనిపిస్తుంది.

1. బేస్ ఇయర్‌ను ఇవే పద్దులతో మళ్లీ కట్టండి. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, జనరేటర్ డీజిల్ లీటరుకు 2.7, మెస్‌లోని 19 కిలోల సిలిండర్‌కు దాదాపు 57.

2. నెట్ మీటరింగ్ (సోలార్ కరెంటు పోను మిగిలినదానికే బిల్లు వేసే పద్ధతి) బిల్లులో సోలార్ ముందే తీసేసి ఉంటుంది. మళ్లీ తీసేయకండి.

3. దాదాపు అందరూ మర్చిపోయేది ఏసీ గ్యాస్. హైదరాబాద్ ఎండలకు ల్యాబులు, సర్వర్ రూముల్లో ఏసీలు ఆగవు. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో లీకైతే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 2,900 యూనిట్ల కరెంటు! ఈ లెక్క ఎస్టేట్ ఆఫీసులో దొరకకపోవచ్చు. ఒక్కో డిపార్ట్‌మెంట్ ఫైల్లో, మెకానిక్ చేత్తో 'గ్యాస్ ఫిల్లింగ్' అని రాసిచ్చిన బిల్లులు వెతకండి. పాత ఏసీలో ఎంత నింపారో అంత లీకైనట్టు రాసుకోండి. కొత్త ఏసీతో వచ్చిన గ్యాస్ కలపొద్దు.

బిల్లుమీద కిలోలు లేకపోతే మెకానిక్‌ను అడిగి రాయించుకోండి. ఏ గ్యాసో కూడా రాయమనండి, ఆర్-32 అనే గ్యాస్ అయితే లెక్క మూడో వంతుకు తగ్గుతుంది.