చిన్న ఊళ్లలో డేటింగ్ యాప్ గురించి యూజర్ రిసెర్చ్ ఎలా చేయాలి? అనంతపురంలో చేసిన పని నుంచి నా జవాబు

మీరు కర్నూలులో డిజైన్ కోర్సు చదువుతున్నారని, ఒక డేటింగ్ యాప్‌ను యూజర్ రిసెర్చ్ (వాడేవాళ్లతో మాట్లాడి, వాళ్ల అవసరాలు తెలుసుకోవడం) ఆధారంగా మళ్లీ డిజైన్ చేయడం మీ ప్రాజెక్టు అని, ఊళ్లో ఎవరూ మాట్లాడడానికి ఒప్పుకోవడం లేదని, గూగుల్ ఫారం పంపి సరిపెట్టుకోమని సీనియర్లు అంటున్నారని రాశారు. దయచేసి ఫారంతో సరిపెట్టుకోకండి. మాది అనంతపురం. బెంగళూరులోని ఒక సంస్థలో యూజర్ రిసెర్చర్‌గా పనిచేస్తున్నాను. మా డేటింగ్ యాప్‌ను తెలుగువారికి అనువుగా మార్చాలని సంస్థ నిర్ణయించినప్పుడు, ఇంటర్వ్యూలు హైదరాబాదుతో ఆపకుండా అనంతపురంలోనూ చేయాలని నేను పట్టుబట్టాను. అక్కడ విన్న మాటల వల్లే ఆ యాప్‌లో ముఖ్యమైన స్క్రీన్లు మారాయి.

మీతో మాట్లాడడానికి జనం ఎందుకు వెనకాడుతున్నారో, ఆ కారణమే మీ పరిశోధనలో దొరికిన మొదటి ఫలితం. దాన్ని నోట్స్‌లో రాసుకోండి. మన ఊళ్లలో డేటింగ్ యాప్ తెరిచిన అమ్మాయి, ఇందులో ఎలాంటివాళ్లు ఉన్నారో చూడడానికి ముందే, తాను ఇందులో ఉన్న సంగతి ఎవరెవరికి తెలిసిపోతుందో అని భయపడుతుంది. అబ్బాయిల్లోనూ ఈ భయం ఉంది, కాకపోతే కొంచెం తక్కువ. మహానగరాల కోసం తయారైన డిజైన్ ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి, మీ ప్రాజెక్టు మొత్తాన్ని దీని చుట్టూనే అల్లుకోవచ్చు.

ఫారంలో ఇబ్బంది ఏమిటంటే, అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ‘మీరు డేటింగ్ యాప్ వాడతారా’ అన్న ప్రశ్న కింద అవునని టిక్ పెట్టడానికి క్లాస్‌మేట్లు ఉన్న గ్రూపులో ఎవరికీ ధైర్యం చాలదు. అందరూ కాదనే రాస్తారు; మీరు దాన్ని అంకెలుగా మార్చి నివేదికలో పెడతారు. మేము మొదట బెంగళూరు పీజీల్లో ఉంటున్న అనంతపురం వాళ్లతో మాట్లాడాం, ఎందుకంటే ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు కాస్త స్వేచ్ఛగా మాట్లాడతారు. మాటల్లో మా మీద నమ్మకం కుదిరాక, ఊళ్లో ఉన్న స్నేహితులకు వాళ్లే మా గురించి చెప్పారు. పరిచయస్తుల ద్వారా వెళ్తే ఒకే తరహా మనుషులు దొరికే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఒకే కాలేజీ, ఒకే ఆఫీసు వాళ్లతో ఆగిపోకుండా జేఎన్‌టీయూ విద్యార్థులు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్లు, ఇలా వేర్వేరు దారుల్లో వెతికాం.

ఎక్కడ కలవాలన్నది ఇంకా ముఖ్యం. క్లాక్ టవర్ చుట్టుపక్కల, సుభాష్ రోడ్డులో ఏ కాఫీ షాపులో కూర్చున్నా తెలిసినవాళ్లు ఎదురవుతారు. మీ ఊళ్లో రాజ్‌విహార్ సెంటర్ అయినా అంతే. ఇంటికి వెళ్లడం అసలు కుదరదు. చివరికి మాకు బాగా పనికొచ్చింది కెమెరా లేని ఫోన్ సంభాషణ. సాయంత్రం మిద్దె మీదికి వెళ్లి, బట్టలు తీస్తూ మాట్లాడినవాళ్లు ఎదురుగా కూర్చున్నవాళ్ల కంటే ఎక్కువ చెప్పారు. అమ్మాయిలతో అమ్మాయిలే మాట్లాడాలి. మీ బృందంలో అమ్మాయిలు లేకపోతే ఒక స్నేహితురాలికి ప్రశ్నలు నేర్పించి ఆమె చేత మాట్లాడించండి.

‘మీకు ఈ యాప్ నచ్చిందా’ అని అడగకండి. మర్యాద కోసం నచ్చిందనే అంటారు. ఇటీవల ఇన్‌స్టాగ్రామ్‌లో తెలియని మనిషి నుంచి రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఏం చేశారో, మొదట ఏమేమి చూశారో, ఎవరికి చెప్పారో అడగండి. జరిగిన సంగతి చెప్పడం మనవాళ్లకు బాగా వచ్చు. తన గురించి చెప్పడానికి మొహమాటపడేవాళ్లను, మీ స్నేహితురాలు ఈ యాప్ పెట్టుకుంటానంటే ఏ జాగ్రత్తలు చెబుతారని అడిగితే, తమ అనుభవాన్నే ఆ స్నేహితురాలి పేరు మీద చెబుతారు. ఎవరి చాటింగ్‌నూ తెరిచి చూపించమనకండి, ఎందుకంటే అవతలి మనిషి మీకు అనుమతి ఇవ్వలేదు.

ఒక్క సంఘటన వివరంగా చెబుతాను. ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అమ్మాయి మా పాత యాప్ నమూనాను చేతిలోకి తీసుకుని, ముందుగా ఫోన్ వెలుతురు తగ్గించింది. గూగుల్ ఖాతాతో లాగిన్ కాగానే ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు స్క్రీన్ మీదికి వచ్చింది. వెంటనే బ్యాక్ నొక్కింది. మళ్లీ మొదలుపెట్టి, పేరు చెరిపి ముద్దుపేరు రాసింది. ఫోటో దగ్గర గ్యాలరీని పైకీ కిందికీ జరిపి, చివరికి ముఖం కనపడకుండా గోరింటాకు పెట్టిన చేతి ఫోటోను ఎంచుకుంది. లొకేషన్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు ఆమె బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది. “మా అన్న గిన చూసినాడంటే ఇంగ నా సదువు అయిపాయ అక్కా” అని ఫోన్ బల్ల మీద బోర్లించింది. ఇంతవరకూ ఒక్క ప్రొఫైల్ కూడా ఆమెకు కనిపించలేదు. మా సంస్థ లెక్కల్లో ఇలాంటివాళ్లంతా ‘సైన్ అప్ పూర్తి చేయనివారు’ అనే అంకెలో కలిసిపోయి ఉన్నారు, అందుకని అప్పటిదాకా జరిగిన చర్చ అంతా సైన్ అప్ ఫారం పొడవు తగ్గించడం గురించే. ఆమెకు కావలసింది పొట్టి ఫారం కాదు. తాను ఎవరికి కనిపిస్తుందో ముందే తెలియడం ఆమెకు కావాలి.

దాని నుంచి వచ్చిన మార్పుల్లో పెద్దది దూరానికి సంబంధించినది. డేటింగ్ యాప్‌లు సాధారణంగా మీ చుట్టూ ఇన్ని కిలోమీటర్లలో ఉన్నవారిని చూపిస్తాయి. ముంబయిలో ‘2 కిలోమీటర్ల దూరంలో’ అంటే అందులో లక్షలమంది ఉంటారు. అనంతపురంలో అది మీ వీధి, మీ కాలేజీ. పైగా మూడు చోట్ల నుంచి దూరాన్ని కొలిస్తే మనిషి ఉన్న చోటును లెక్కగట్టవచ్చు. టిండర్‌లో ఇలాంటి లోపాన్ని భద్రతా నిపుణులు 2014లోనే బయటపెట్టారు. మా అనంతపురం అమ్మాయిల్లో చాలామంది సొంత ఊళ్లో ఎవరికీ కనిపించకూడదని, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న మనవాళ్లకు కనిపిస్తే చాలని అన్నారు. కాబట్టి ఎన్ని కిలోమీటర్లలోపు అని ఎంచుకునే గీతను తీసేసి, ‘ఏ ఊళ్లలో కనిపించాలి, ఏ ఊళ్లలో కనిపించకూడదు’ అని వాళ్లే ఎంచుకునే స్క్రీన్ పెట్టాం. ఐఫోన్లో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి కచ్చితమైన చోటుకు బదులు సుమారు ప్రాంతాన్ని మాత్రమే ఇచ్చే వీలుంది. ఇలాంటి యాప్‌కు అది సరిపోతుంది.

తెలిసినవాళ్లకు కనపడకుండా చేయడం ఇంకా చిక్కైన విషయం. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ యాప్‌కు ఇస్తే, ఆ నంబర్లవాళ్లకు మీరు కనపడకుండా చేస్తామన్నది మామూలుగా ఉండే ఏర్పాటు. అంటే అన్న నుంచి దాక్కోవడానికి అన్న నంబరునే ఒక సంస్థ చేతిలో పెట్టాలి. నంబర్లను గజిబిజి కోడ్‌గా మార్చి దాస్తామంటారు గానీ, పది అంకెల ఫోన్ నంబర్లను కంప్యూటర్ ఒక్కొక్కటిగా ప్రయత్నించి ఆ కోడ్‌ను విప్పేయగలదు. అందువల్ల కాంటాక్టులు మొత్తం అడగకుండా, కావలసిన నాలుగైదు నంబర్లు మాత్రం చేత్తో టైప్ చేసే పద్ధతిని పెట్టాం. శ్రమ కొంచెం ఎక్కువే, అయినా జనానికి అదే నమ్మకంగా అనిపించింది.

నోటిఫికేషన్ మాటలు కూడా మార్చాం. లాక్ స్క్రీన్ మీద ‘ఒకరు మిమ్మల్ని ఇష్టపడ్డారు’ అని మెరిస్తే, ఫోన్ ఎవరి చేతిలో ఉందో యాప్‌కు తెలియదు కదా. ఇప్పుడు ‘కొత్త సమాచారం ఉంది’ అని మాత్రమే వస్తుంది. ఫోటోలు ఇద్దరూ ఒప్పుకున్నాకే స్పష్టంగా కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌షాట్‌ను ఆపవచ్చు. అయితే ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ను ఫోటో తీస్తే ఏ యాప్ కూడా ఆపలేదు. ఈ మాటను ఫోటో పెట్టే చోటే పెద్ద అక్షరాల్లో చెప్పాలని నేను గట్టిగా వాదించాను. లేని భద్రత ఉందని నమ్మించడం కంటే పెద్ద అన్యాయం లేదు.

ఇతర యాప్‌ల్లో మెచ్చుకునే ఏర్పాట్లను యథాతథంగా తెచ్చుకోకండి. 2014లో మొదలైన బంబుల్‌లో స్త్రీ, పురుషుడు ఒకరినొకరు ఇష్టపడి జత కలిసినప్పుడు మొదటి మెసేజ్ స్త్రీయే పెట్టాలన్న నియమం ఉండేది. మంచి ఉద్దేశమే. కానీ మేము మాట్లాడినవారిలో కొందరికి ఆ నియమమే అడ్డంకి అయింది: తామే ముందు పలకరిస్తే అవతలివాళ్లు ఏమనుకుంటారో అని, జత కలిసినా మెసేజ్ పెట్టకుండా వదిలేసేవారు. బంబుల్ కూడా 2024లో, అమ్మాయి ముందే ఒక ప్రశ్న పెట్టి ఉంచితే దానికి అవతలివారు జవాబివ్వగలిగే వీలు కల్పించింది. మేము కూడా తెలుగులో కొన్ని ప్రశ్నలు సిద్ధంగా ఉంచాం. ‘సంగటి ఎక్కడ బాగుంటుంది’ అన్న ప్రశ్నకు వచ్చినన్ని జవాబులు హాబీల ప్రశ్నకు రాలేదు.

అబ్బాయిల కష్టాలను కూడా అంతే శ్రద్ధగా వినండి. జవాబులు రావని, ప్రొఫైళ్లన్నీ ఫేకే అని, డబ్బు అడిగి మాయమవుతారని వాళ్ల బాధ. కియాలో రాత్రి షిఫ్టు చేసే ఒక తమ్ముడు పని దిగాక ఒంటిగంటకు మెసేజ్ పెడితే, ఆ వేళను చూసే చెడ్డవాడనుకున్నారని చాలా బాధపడ్డాడు. రాత్రి పంపిన మెసేజ్ ఉదయం చేరేలా ఎంచుకునే వీలు అతని మాట వల్లే వచ్చింది.

ఇక పరీక్షించే పద్ధతి. ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని లోపాల్లో 85 శాతం దాకా బయటపడతాయని వాడకం పరీక్షల నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాటను మీ పాఠాల్లో చదివే ఉంటారు. వాడేవాళ్లలో వేర్వేరు గుంపులు రెండు ఉంటే ఒక్కో గుంపు నుంచి ముగ్గురు నలుగురిని, మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ముగ్గురిని తీసుకోవాలని కూడా ఆయనే చెప్పారు. మీ ప్రాజెక్టులో ఊళ్లో ఉండే అమ్మాయిలు, ఊళ్లో ఉండే అబ్బాయిలు, బయట నగరాల్లో ఉంటున్న మీ ఊరివాళ్లు మూడు గుంపులు. కాగితం మీద గీసిన స్క్రీన్లతోనే మొదటి విడత చేయండి; నమూనా ప్రొఫైళ్లలో నిజమైన మనుషుల ఫోటోలు వాడకండి. డిజైన్ బాగుందో లేదో తేల్చడానికి ఎన్ని స్వైప్‌లు, ఎన్ని నిమిషాలు అని చూడకండి. రెండో వారం కూడా అమ్మాయిలు తిరిగి వస్తున్నారా, సంభాషణ నాలుగు రోజులు నిలుస్తోందా, చివరికి కలిశారా అని చూడండి. హింజ్ అనే డేటింగ్ యాప్ 2018 నుంచి, నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నవారిని కొన్నాళ్లకు నిజంగా కలిశారా అని అడుగుతోంది. అది సరైన ప్రశ్న.

అనుమతి పత్రం తప్పక తెలుగులో ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, అనుమతి అడిగేటప్పుడు ఇచ్చే సమాచారాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో (తెలుగు అందులో ఉంది) చదువుకునే అవకాశం ఉండాలంటోంది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని తీసుకోకండి. ఎవరైనా మోసపోయి డబ్బు పోగొట్టుకున్నామని చెబితే, ఇంటర్వ్యూ పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు ఇవ్వండి. నోట్స్‌లో పేర్లకు బదులు గుర్తులు వాడండి. కాలేజీ, వీధి, ఇంటిపేరు ఏదీ రాయకండి, ఎందుకంటే కర్నూలు లాంటి ఊళ్లో ఆ మూడింటిలో రెండు తెలిసినా మనిషిని పోల్చేస్తారు. ప్రాజెక్టు సమర్పించాక రికార్డింగులను తొలగించి, తొలగించామని వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. మెసేజ్ వద్దు, దాన్ని ఇంట్లో ఇంకెవరైనా చదవవచ్చు.